ఫ్లేమ్ టెస్టుకు ఏ తీగ, ఏ మంట, ఏ గాజు: సోడియం పసుపును బట్టి ఎంచుకోండి

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడి ల్యాబ్ సామాన్ల ఇండెంట్ రాసే రోజుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. లవణంలో ఏ లోహం ఉందో మంట రంగును బట్టి చెప్పే ఫ్లేమ్ టెస్టుకు ప్లాటినం తీగ తెప్పించాలా, నైక్రోమ్ చాలా, అసలు తీగే లేకుండా గాజు కడ్డీతో కానిచ్చేయొచ్చా? హైస్కూలు టీచర్ల ఇబ్బంది వేరు. గ్యాస్ కనెక్షనే లేదు, స్పిరిట్ ల్యాంపుతో రంగులు వస్తాయా అని అడుగుతారు. ఇంట్లో పిల్లలకు చూపించాలనుకునే తల్లిదండ్రులది ఇంకో ప్రశ్న. ఎవరు అడిగినా నేను ఒక్కచోటి నుంచే మొదలుపెడతాను: మీరు ఎంచుకునే వస్తువు మంటలోకి ఎంత సోడియం మోసుకొస్తుందో ముందు చూడండి. అసలు రంగు రాకపోవడం అరుదు. రాకూడని పసుపు వచ్చి దాన్ని మింగేయడమే ఈ పరీక్షలో అసలు బెడద.

పరీక్ష ఎలా చేస్తారో కెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ తెలుసు. లవణాన్ని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్దలా కలిపి, తీగ కొసన కొంచెం తీసుకుని, బున్సెన్ బర్నర్ అనే ల్యాబ్ గ్యాస్ పొయ్యి మంటలో పెడతాం. లిథియానికి కెంపు ఎరుపు, సోడియానికి బంగారు పసుపు, పొటాషియానికి లేత ఊదా, కాల్షియానికి ఇటుక ఎరుపు, స్ట్రాన్షియానికి ముదురు ఎరుపు, బేరియానికి యాపిల్ ఆకుపచ్చ, రాగికి నీలం కలిసిన ఆకుపచ్చ. వేడికి ఎలక్ట్రాన్లు పై శక్తి స్థాయికి వెళ్లి, మళ్లీ కిందికి దిగేటప్పుడు కాంతిని వదులుతాయని పాఠంలో చదివిందే. పాఠంలో అంతగా చెప్పనిది ఇంకొకటుంది. కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం ఇచ్చే రంగులో ఎక్కువ భాగం విడి పరమాణువులది కాదు. మంటలో అప్పటికప్పుడు పుట్టే హైడ్రాక్సైడ్, క్లోరైడ్ అణువులది. ఈ మూడింటికీ మంచి వేడి ఎందుకు కావాలో, ఆమ్లం ఎందుకు తప్పనిసరో దీన్నిబట్టే అర్థమవుతుంది.

పసుపు ఎంత మొండిదంటే

శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ ఇద్దరూ 1859, 1860 ప్రాంతంలో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో, కాంతిని రంగు గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌తో పని చేస్తూ ఒక ప్రయోగం చేశారు. గదిలో ఒక మూల 3 మిల్లీగ్రాముల సోడియం క్లోరేటును పాల చక్కెరతో కలిపి పేల్చారు. వాళ్ల పరికరం అవతలి మూలలో ఉంది. కొద్ది నిమిషాల్లోనే అక్కడి మంటలో సోడియం పసుపు గీత మెరిసింది. గది గాలి పరిమాణాన్ని బట్టి లెక్కవేస్తే, మిల్లీగ్రాములో 30 లక్షల వంతు కన్నా తక్కువ సోడియం లవణం కూడా కనిపిస్తోందని తేలింది.

ఇంత సున్నితమైన పరీక్షను మనం ఎక్కడ చేస్తున్నాం? ఫ్యాన్లు తిరిగే ల్యాబులో, చెమట చేతులతో, పక్క బెంచీ మీద సోడియం హైడ్రాక్సైడ్ సీసా మూత తెరిచి పెట్టి చేస్తున్నాం. బాగా శుభ్రం చేసిన తీగ కొసను ఒక్కసారి వేళ్లతో నొక్కి మంటలో పెట్టి చూడండి, లవణమేమీ లేకుండానే పసుపు ఎగుస్తుంది. వంటింట్లో పప్పు పొంగి బర్నర్ మీద పడినప్పుడు నీలి మంట పసుపెక్కడానికీ అందులోని ఉప్పే ప్రధాన కారణం.

ఇచ్చిన లవణం ఏదో కనుక్కునే ఇంటర్ సాల్ట్ ఎనాలిసిస్‌లో సోడియాన్ని కనుక్కోమని సాధారణంగా అడగరు. కాబట్టి అక్కడ కనిపించే పసుపు జవాబు అయ్యే అవకాశమే తక్కువ. అది మురికి. అయినా ఏటా ఎంతోమంది పిల్లలు కాల్షియం సాల్టు చేతికి వస్తే, పసుపు కలిసి నారింజగా కనిపించిన ఇటుక ఎరుపును చూసి తికమకపడతారు. ఆ టెన్షన్‌లో సగం మనం ఎంచుకునే సామాను వల్లే వస్తుందని నా అభిప్రాయం.

తీగ: ప్లాటినమా, నైక్రోమా

పుస్తకాలన్నీ ప్లాటినం అనే చెబుతాయి, అందుకు తగిన కారణాలూ ఉన్నాయి. 1768 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాన్ని ఏమీ చేయదు. మంటకు తన రంగు కలపదు. ముంచి కాల్చడం రెండు మూడుసార్లు చేస్తే పూర్తిగా శుభ్రపడుతుంది. ఇంకో సౌకర్యమూ ఉంది. వేడికి ప్లాటినం వ్యాకోచించే తీరు మామూలు సోడా గాజుతో దాదాపు సరిపోతుంది. అందుకే గాజు కడ్డీ కొసను కరిగించి తీగను అందులో అతికిస్తే చల్లారాక పగలదు. పాత ల్యాబుల్లో కనిపించే గాజు పిడి ప్లాటినం తీగలు అలా చేసినవే.

ధర విని భయపడేవాళ్లు ఒక లెక్క చూడండి. 0.3 మిల్లీమీటర్ల మందం, 5 సెంటీమీటర్ల పొడవున్న తీగ బరువు సుమారు 75 మిల్లీగ్రాములే. ఒకటి కొనుక్కోవడం అసాధ్యమేమీ కాదు. సమస్య ముప్పై మంది బ్యాచ్‌కు ముప్పై కొనాల్సి రావడంలో ఉంది, వాటిని కాపాడుకోవడంలో ఇంకా ఎక్కువగా ఉంది. సీసం, ఆర్సెనిక్, ఆంటిమొని లవణాలు ప్లాటినానికి శత్రువులు. మంటలో ఆ లోహాలు విడివడి ప్లాటినంతో మిశ్రమంగా కలిసిపోతాయి. తీగ పెళుసుబారి కొస విరిగిపోతుంది. మంట లోపలి నీలి శంకువులో, అంటే సరిగా మండని వాయువు ఉన్న చోట, ఎక్కువసేపు ఉంచినా పాడవుతుంది. మన ఇంటర్ ల్యాబులో లెడ్ నైట్రేట్, లెడ్ ఎసిటేట్ మామూలుగా ఇచ్చే సాల్టులు. తన చేతిలో ఉన్నది సీసమో కాదో తెలియని విద్యార్థికి ప్లాటినం తీగ ఇవ్వడమంటే ఆ తీగ మీద ఆశ వదులుకోవడమే.

అందుకే జూనియర్ కాలేజీకి నా ఓటు నైక్రోమ్‌కు. 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం ఉండే ఈ తీగ దాదాపు 1400 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే హీటర్ కాయిల్ చాలావరకు ఈ తీగే. కొన్నిటిలో ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన వేరే తీగ ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి. ఒక కాయిల్ సాగదీస్తే క్లాసు మొత్తానికి సరిపడా ముక్కలొస్తాయి. ఒక కొసను చిన్న ఉంగరంలా వంచి, రెండో కొసను కార్కులో గుచ్చితే పిడి తయారు.

నైక్రోమ్ లోపాలు కూడా చెప్పాలి. కాలినప్పుడు కొంచెం నారింజ మెరుపు ఇస్తుంది. ఆమ్లం దాన్ని నెమ్మదిగా తింటుంది. వాడగా వాడగా వాచ్ గ్లాసులోని, అంటే లోతు తక్కువ గాజు పళ్లెంలోని ఆమ్లం లేత ఆకుపచ్చకు తిరిగిందంటే నికెల్ కరుగుతోందని అర్థం. ప్లాటినమంత తేలిగ్గా శుభ్రపడదు కూడా. దీనికి మందు సులువే: ఎంత కాల్చినా పసుపు పోకపోతే కొసను సెంటీమీటరు కత్తిరించి కొత్త ఉంగరం వంచుకోండి. ప్లాటినంతో అంత ధైర్యం ఎవరూ చేయలేరు, నైక్రోమ్ అసలు బలం అక్కడే ఉంది. ఇంకో అలవాటు తప్పకుండా చేయించండి. రెండు వాచ్ గ్లాసులు పెట్టుకోవాలి, తీగ కడగడానికి ఒకటి, సాల్టు ముద్దకు ఒకటి. రెండింటికీ ఒకే ఆమ్లం వాడితే కడిగిన సోడియమంతా అందులోనే చేరి, తర్వాత పెట్టే ప్రతి ముద్దలోకీ వస్తుంది. కడగడానికి గాఢ ఆమ్లమే అక్కర్లేదు, సగానికి సగం నీళ్లు కలిపిందైనా చాలు. కలిపేటప్పుడు మాత్రం ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి.

రాగి తీగ చవక కదా అని కొందరు అడుగుతారు. పనికిరాదు. క్లోరైడు తగిలిన రాగి తానే మంటను ఆకుపచ్చగా మారుస్తుంది. కర్బన పదార్థాల్లో క్లోరిన్ లాంటి హాలోజెన్లను పట్టే బైల్‌స్టైన్ పరీక్షకు ఆధారమే ఈ గుణం.

గాజు కడ్డీ, పుల్ల, ఇయర్ బడ్

గాజు కడ్డీ మన దగ్గర బాగా వాడుకలో ఉంది, నాకు బొత్తిగా నచ్చనిది కూడా అదే. గాజులోనే సోడియం ఉంది. సోడా గాజు సంగతి పేరులోనే తెలుస్తోంది, వేడి తట్టుకునే బోరోసిలికేట్ గాజులోనూ సుమారు 4 శాతం సోడియం ఆక్సైడ్ ఉంటుంది. కడ్డీ కొస ఎర్రబడిందంటే పసుపు మొదలైనట్టే. లవణం రంగు మొదటి రెండు మూడు సెకన్లలోనే చూడాలి, ఆ తర్వాత కనిపించేది గాజు రంగు. రాగి, బేరియం లాంటి ఆకుపచ్చలకు ఎలాగో నెట్టుకురావచ్చు. కాల్షియానికి మాత్రం గాజు కడ్డీ ఇవ్వొద్దు. ఇటుక ఎరుపు మీద గాజు పసుపు పడితే పిల్లవాడికి న్యాయం జరగదు.

చెక్క పుల్లలు మాత్రం తక్కువ అంచనా వేయాల్సినవి కావు. వెదురు పుల్లల్ని రాత్రంతా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మర్నాడు తడి కొసతో లవణాన్ని అద్దుకుని మంటలో అటూ ఇటూ ఆడిస్తే రంగు చక్కగా వస్తుంది. పుల్ల అంటుకోకూడదు. అంటుకుంటే చెక్క మంట పసుపు కలుస్తుంది, బూడిదలో ఉండే పొటాషియం కూడా తోడవుతుంది. ఒక లవణానికి ఒక పుల్ల, వాడాక నీళ్ల గిన్నెలో వేసేయడమే. కడగడం లేదు, ఒక సాల్టు ఇంకోదాంట్లో కలిసే బాధ లేదు, క్లోరైడు లవణాలైతే ఆమ్లం అసలు ముట్టుకోనక్కర్లేదు. తెలిసిన లవణాలతో రంగులు చూపించాలనుకునే హైస్కూలు టీచరుకు తీగకన్నా ఇదే మేలు. చీపురు పుల్లలు వాడేవాళ్లు కొత్త చీపురు లోపలి పుల్లలు తీసుకోండి. నేల ఊడ్చిన పుల్లకు ఎంత నానబెట్టినా ఉప్పు వదలదు. అగ్గిపుల్లలు వద్దు, తల మందులో పొటాషియం క్లోరేట్ ఉంటుంది.

ఇయర్ బడ్స్ కూడా ఇదే పద్ధతి. పేపరు లేదా వెదురు పుల్లవి అయితేనే, ప్లాస్టిక్ పుల్ల కరిగి కారుతుంది. దూది పుల్లకన్నా ఎక్కువ ద్రావణం పట్టుకుంటుంది కాబట్టి రంగు కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది.

పెద్ద క్లాసుకు వెనక బెంచీ దాకా కనిపించాలంటే స్ప్రే సీసా పద్ధతి ఉంది. లవణాన్ని నీళ్లలో కరిగించి, బర్నర్ మంటలోకి పక్క నుంచి ఒక్కసారి చిమ్ముతారు. నిలువెత్తు రంగు మంట లేస్తుంది, పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. అయితే ఇది టీచరు మాత్రమే చేయాల్సింది, నీటి ద్రావణంతోనే చేయాల్సింది. బేరియం, సీసం లవణాలు ఇలా గాల్లోకి చిమ్మకూడదు, పీలిస్తే విషం. స్ట్రాన్షియం, లిథియం, పొటాషియం క్లోరైడులకు పరిమితమవ్వండి. తుంపర చుట్టుపక్కలంతా పడుతుంది కాబట్టి, సోడియం కూడా చూపించాలనుకుంటే దాన్ని చివర్న చిమ్మండి, ఆ తర్వాత ఆ బెంచీ మీద ఇక ఫ్లేమ్ టెస్టు పెట్టుకోకండి.

ఆల్కహాల్ గిన్నెల ప్రదర్శన గురించి గట్టిగా

ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి చాలామంది అడిగేది ఇదే. చిన్న గిన్నెల్లో రకరకాల లవణాలు, పైన మిథనాల్ పోసి వరసగా వెలిగిస్తారు. ఇంద్రధనుస్సులా అందంగా ఉంటుంది. దయచేసి ఇది ఎంచుకోకండి. మంట తగ్గినట్టు కనిపించి సీసాలోంచి ఇంకొంచెం మిథనాల్ పోయబోయినప్పుడు, మంట సీసాలోకి పాకి ఎదురుగా కూర్చున్న పిల్లల మీదికి అగ్ని ధారలా చిమ్మిన ప్రమాదాలు అమెరికా బడుల్లో ఒకటి రెండు కాదు. 2014లో అమెరికన్ కెమికల్ సొసైటీ భద్రతా కమిటీ, బల్ల మీద మండే ద్రావణులతో చేసే ఈ ప్రదర్శనను వెంటనే మానేయమని చెప్పింది. మిథనాల్ ఫ్లాష్ పాయింట్, అంటే అంటుకునేంత ఆవిరి వచ్చే ఉష్ణోగ్రత, 11 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ల్యాబులు జనవరిలో కూడా అంతకన్నా వేడిగానే ఉంటాయి. మూత తీసిన క్షణం నుంచే అంటుకునే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. పైగా మిథనాల్ మంట పగటి వెలుతురులో సరిగా కనపడదు, ఆరిపోయిందని పొరబడటం చాలా తేలిక. అదే ఇంద్రధనుస్సును తడి వెదురు పుల్లలతో వరసగా చూపించవచ్చు.

మంట

బున్సెన్ బర్నర్ ఉంటే ఆలోచించాల్సిందేమీ లేదు. గాలి రంధ్రాలు పూర్తిగా తెరిచి, పసుపు నాలుక పోయి నీలి మంట వచ్చాకే మొదలుపెట్టాలి. మంటలో అన్ని చోట్లా ఒకే వేడి ఉండదు, ఇది తెలిసి వాడితే పని సగం అయిపోతుంది. ముందు మంట అడుగు అంచున, కొంచెం చల్లగా ఉండే చోట తీగ పెట్టండి. తేలిగ్గా ఆవిరయ్యే సోడియం, పొటాషియం, లిథియం అక్కడే బయటపడతాయి. ఆ మెరుపు తగ్గాక లోపలి శంకువు మొనకు కొంచెం పైన, మంట అత్యంత వేడిగా ఉండే చోటికి జరపండి. బేరియం ఆకుపచ్చ అక్కడ ఆలస్యంగా మొదలై ఎక్కువసేపు నిలుస్తుంది. మురికి పసుపు మొదటి సెకన్లలో కాలిపోయేదాకా ఆగి, వెనకే వచ్చే బేరియాన్ని పట్టుకోవడం ఓపికతో వచ్చే విద్య. పిల్లలు పసుపు చూడగానే తీగ తీసేస్తారు, ఇంకొంచెం ఆగమని చెప్పాలి.

ఎల్‌పీజీతో నడిచే ల్యాబ్ బర్నర్ కూడా అంతే బాగా పనిచేస్తుంది. దాని జెట్ రంధ్రం ఎల్‌పీజీకి తగ్గదై ఉండాలి, లేకపోతే మంట పసుపు నాలుకలు కక్కుతుంది. గ్యాస్ లైన్ లేని చోట చిన్న బ్యూటేన్ టార్చి మంచి ప్రత్యామ్నాయం. స్టాండుకు బిగించి, మంట తగ్గించి వాడాలి. జోరుగా ఉంటే లవణం పొడిని ఎగరగొట్టేస్తుంది.

స్పిరిట్ ల్యాంపు అన్నిటికన్నా బలహీనం. వేడి తక్కువ, మంటకే కొంత పసుపు ఉంటుంది, వత్తి పట్టుకున్న ప్రతి చేతి ఉప్పూ అందులో ఉంటుంది. గత్యంతరం లేకపోతే కొత్త వత్తి వేసి లిథియం, స్ట్రాన్షియం, రాగి క్లోరైడులు చూపించండి, అవి వస్తాయి. బేరియం, కాల్షియం ఆశించకండి.

ఏ మంటైనా ఫ్యాను ఆపాలి. కిటికీల వెలుగు నేరుగా పడకుండా, వెనక నల్ల కాగితం పెడితే పొటాషియం లేత ఊదా కూడా కనిపిస్తుంది.

ఏ లవణం ఇవ్వాలి

చూపించడానికి లవణం ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే క్లోరైడులే తీసుకోండి. తేలిగ్గా ఆవిరవుతాయి. ముద్దలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపడం కూడా మిగతా లవణాల్ని ఇలా క్లోరైడుగా మార్చడానికే. సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు మొండికేస్తాయి, బేరియం సల్ఫేట్ అయితే మరీను. దాన్ని ముందు మంటలోని క్షయకరణ భాగంలో, అంటే సరిగా మండని వాయువు ఉన్న చోట, కాసేపు ఉంచి, ఆమ్లంలో ముంచి మళ్లీ పెడితే ఆకుపచ్చ వస్తుంది.

రాగి దగ్గర ఒక చిన్న తమాషా ఉంది. ఆమ్లంతో తడిపిన రాగి లవణం మొదట అంచున నీలంగా మెరిసి, తర్వాత ఆకుపచ్చకు తిరుగుతుంది. నీలం రాగి క్లోరైడ్ అణువులది, క్లోరిన్ ఎగిరిపోయాక మిగిలేది ఆకుపచ్చ. ఈ మార్పే దాన్ని బేరియం నుంచి విడదీస్తుంది. బేరియం మొదటి నుంచీ పసుపు వైపు మొగ్గిన ఆకుపచ్చే.

ఇంట్లోనో పల్లె బడిలోనో సీసాలు కొనకుండా చూపించాలంటే ఎరువుల కొట్టులోని మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మంచి పొటాషియం క్లోరైడ్. అందులో కొంత ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి కింద చెప్పబోయే నీలి గాజు కావాలి. మైలుతుత్తం రాగికి, క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు ఆకుపచ్చకు పనికొస్తాయి. వంట స్టవ్ మీద మాత్రం వద్దు, తుత్తం వంటపాత్రల దగ్గరికి రాకూడదు. టపాసులు విప్పి అందులో మందు తీసే ఆలోచన అసలే వద్దు. అది విడి లవణం కాదు, పేలే మిశ్రమం. ఆకుపచ్చ టపాసుల్లో వాడే బేరియం లవణాలు విషం, 2018లో సుప్రీంకోర్టు బాణసంచాలో వాటిని నిషేధించింది.

దేనితో చూడాలి

వట్టి కంటితో చూసి రాసే రంగు మీద ఎక్కువ భారం వేయకూడదు. లిథియం ఎరుపుకూ స్ట్రాన్షియం ఎరుపుకూ తేడా చెప్పమంటే అనుభవం ఉన్నవాళ్లే తడబడతారు. కోబాల్ట్ నీలి గాజు పక్కన పెట్టుకుంటే సగం చిక్కు తీరుతుంది. అది పసుపు, నారింజ ప్రాంతాన్ని పీల్చేసి, ఊదా, నీలం, ముదురు ఎరుపులను వదులుతుంది. సోడియం మంట దాదాపు మాయమై, దాని వెనక దాక్కున్న పొటాషియం గులాబీ ఎరుపుగా బయటికొస్తుంది. సాల్ట్ ఎనాలిసిస్‌లో ఐదో గ్రూపుగా చూసే లోహాలకు ఇది ఇంకా ఉపయోగం: కాల్షియం ఇటుక ఎరుపు లేత ఆకుపచ్చగా, స్ట్రాన్షియం ఎరుపు ఊదాగా, బేరియం ఆకుపచ్చ నీలి ఆకుపచ్చగా మారతాయి. రాగి మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అంటే ఒకే మంటకు రెండు రంగుల సాక్ష్యం దొరుకుతోంది. రికార్డులో రెండూ రాయించండి. పసుపు ఇంకా కారుతుంటే రెండు గాజులు కలిపి పట్టుకోండి.

గాజు పని చేసేవాళ్లు వాడే డిడిమియం కళ్లద్దాలు సోడియం పసుపును మాత్రమే సన్నగా కోసి, మిగతా రంగుల్ని పెద్దగా మార్చవు. గుణంలో కోబాల్ట్ కన్నా మెరుగే. ధర ఎక్కువ, క్లాసుకంతా అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది స్పెక్ట్రోస్కోప్. అది రంగును చోటుగా మార్చి చూపిస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు పసుపులు ఇందులో వేర్వేరు చోట్ల నిలబడతాయి. దీని విలువ తెలియాలంటే గుంటూరు కథ చెప్పాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో స్పెక్ట్రోస్కోపులు పెట్టుకుని సూర్యుడి అంచున లేచే జ్వాలల్ని చూశారు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీతను మొదట సోడియందే అనుకున్నారు. సోడియం జంట గీతల తరంగదైర్ఘ్యం 589.0, 589.6 నానోమీటర్లు. ఇది 587.6 దగ్గర ఉంది. రెండు నానోమీటర్లు కూడా లేని ఆ ఎడమే కొత్త మూలకం ఉనికిని చెప్పింది, దానికే తర్వాత హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద 1895లో గానీ రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి చిక్కలేదు. ఫ్లేమ్ టెస్టు పాఠం చెప్పే తెలుగు టీచర్లు పిల్లలకు గుంటూరు పేరు తప్పక చెప్పాలని నా కోరిక.

మంచి స్పెక్ట్రోస్కోప్ కొనలేకపోతే పాత డీవీడీతో చేసుకోవచ్చు. సీడీలో గాళ్ల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74. దగ్గర దగ్గర గాళ్లు రంగుల్ని ఎక్కువ విడదీస్తాయి కాబట్టి ఈ పనికి డీవీడీయే మేలు. ఖాళీ డీవీడీ ముక్కను అంచున బ్లేడుతో చీలిస్తే రెండు పొరలుగా విడిపోతుంది. పారదర్శకంగా ఉన్న పొర మీది ఊదా రంగును స్పిరిట్‌తో తుడిచేయండి. లోపల నల్ల కాగితం అంటించిన అట్టపెట్టెకు ఒక వైపు రెండు బ్లేడులు దగ్గరగా పెట్టి సన్నని చీలిక, రెండో వైపు ఈ ముక్క, అంతే. చీలిక గాళ్లకు సమాంతరంగా ఉండాలి. మంటకు దూరంగా పట్టుకోండి, సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకండి. లిథియం అయితే 671 నానోమీటర్ల దగ్గర ఒక్కటే ఎర్ర గీత. స్ట్రాన్షియం అయితే నారింజ, ఎరుపుల్లో పట్టీల గుంపు, దూరంగా 461 దగ్గర ఒంటరి నీలి గీత. కాల్షియానికి ఆకుపచ్చ పట్టీ ఒకటి, నారింజ పట్టీ ఒకటి. ఒకసారి ఇలా చూసిన పిల్లవాడు ఈ మూడింటినీ ఇక కలగలపడు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, ఎక్కువగా మగపిల్లలు. చాలామంది బయటికి చెప్పరు. వాళ్లకు ఈ పెట్టె చాలా మేలు చేస్తుంది. గీత ఎక్కడుందో చూస్తే చాలు, రంగు పేరు చెప్పనక్కర్లేదు. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో రైక్ అనే ఆచార్యుడికి రంగులు సరిగా తెలిసేవి కావు. తన నమూనా వర్ణపటాన్ని సహాయకుడు రిక్టర్‌తో చూపించాడు, అందులోని నీలి గీతతోనే ఇండియం అనే కొత్త లోహం దొరికింది. ఇబ్బంది ఉన్న పిల్లవాడికి జంటగా ఇంకొకరిని కూర్చోబెట్టడంలో తప్పేమీ లేదు.

దేనికి ఏది కొనాలి

జూనియర్ కాలేజీ అయితే నైక్రోమ్ కాయిల్, బర్నర్, బెంచీకి ఒక కోబాల్ట్ గాజు. డబ్బు మిగిలితే టీచరు బల్ల మీద ఒక ప్లాటినం తీగ, సీసం కాదని తేలిన సాల్టులకు మాత్రమే. డిగ్రీ కాలేజీ అయితే చేతిలో పట్టుకునే స్పెక్ట్రోస్కోప్ ఒకటి తప్పకుండా కొనండి. హైస్కూలుకు వెదురు పుల్లలు, బ్యూటేన్ టార్చి, నాలుగు క్లోరైడులు, ఒక డీవీడీ పెట్టె. ఎంత లోహం ఉందో కొలవాలంటే ఇవేవీ కావు. అందుకు ఫ్లేమ్ ఫొటోమీటరు కావాలి. రైతులు తెచ్చే మట్టిలో పొటాష్ ఎంతుందో భూసార పరీక్ష కేంద్రాల్లో చెప్పేది దానితోనే, అక్కడా చూసేది పొటాషియం 766 నానోమీటర్ల కాంతినే.

పరీక్షలో ఫ్లేమ్ టెస్టును ఒంటరిగా నమ్మమని నేను ఎవరికీ చెప్పను. బేరియం అనిపిస్తే పొటాషియం క్రోమేటుతో పసుపు అవక్షేపం (ద్రావణంలో కరగక అడుగున చేరే పదార్థం), స్ట్రాన్షియం అనిపిస్తే అమ్మోనియం సల్ఫేటుతో తెల్లది, కాల్షియం అనిపిస్తే అమ్మోనియం ఆక్సలేటుతో తెల్లది రావాలి, అదీ అదే వరసలో చూడాలి. మంట, అవక్షేపం రెండూ ఒకటే చెబితే ఎగ్జామినర్ ముందు ధైర్యంగా నిలబడొచ్చు.

మంట రంగు అసలు మారకపోతే చాలామంది పిల్లలు కంగారుపడి ఏదో ఒక రంగు రాసేస్తారు. అలా రాయనివ్వకండి. మెగ్నీషియం ముఖ్యమైన గీత 285 నానోమీటర్ల దగ్గర, జింకుది 214 దగ్గర, రెండూ మన కంటికి అందని అతినీలలోహితంలో ఉన్నాయి. మెగ్నీషియం రిబ్బను మండేటప్పుడు కనిపించే తెల్లని వెలుగు వేరే సంగతి, అది తెల్లగా మెరిసేంత వేడెక్కిన ఆక్సైడు రేణువుల కాంతి. శుభ్రమైన తీగ మీద, వేడి నీలి మంటలో, ఏ రంగూ రాలేదంటే రికార్డులో ‘ప్రత్యేకమైన రంగు లేదు’ అనే రాయించండి. బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం, రాగి కావడానికి అవకాశం తక్కువని ఆ ఒక్క వాక్యమే చెబుతోంది.